పంతొమ్మిదో ఫోటో

పద్దెనిమిది ఫోటోల దాకా కెమెరా చక్కగా కొట్టింది. కుట్టుమిషన్‌లా టకటకమని నడిచి, పంతొమ్మిదో దాని దగ్గర గొంతులో ముద్ద అడ్డం పడ్డట్టు ఆగిపోయింది. మరదలు బటన్ మీంచి వేలు తియ్యలేదు, ఇంకా గట్టిగా నొక్కింది. కెమెరా వెనక చిన్న ఎర్ర దీపం వెలిగి అలాగే ఉండిపోయింది. తీసినవి ఇంకా కార్డులోకి ఎక్కుతున్నాయి, అవి ఎక్కేదాకా కొత్తది తియ్యను పొమ్మని ఆ దీపానికి అర్థం. ఆ దీపం వెలుగుతుండగానే పరుగులో మూడో మనిషీ నాలుగో మనిషీ గీత దాటిపోయారు.

బుధవారం పొద్దున, షాపుల్లో ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళకి పెట్టే ఆటల్లో, ఆడవాళ్ళ నాలుగు వందల మీటర్ల పరుగు అది. ఎనిమిది మంది పరిగెత్తితే ముగ్గురిని వచ్చే నెల పెద్ద పోటీకి పంపిస్తారు. ఎవరు ముందో తేల్చే యంత్రం లాంటివేవీ ఆ మైదానానికి లేవు. గీతకు సరిగ్గా పక్కన స్టాండు వేసి, బావగారి స్టూడియో కెమెరా బిగించి, మొదటి మనిషి నుంచి చివరి మనిషి దాకా ఆపకుండా కొట్టడమే ఏర్పాటు. కొట్టేది మరదలు. స్టూడియో బావది, బోర్డు మీద పేరు బావది, గుడారం కింద కుర్చీ బావది. ఎండలో స్టూలు మాత్రం ఆమెది. అక్క మొగుణ్ణి ఆమె బావా అని పిలవడం విని ఊళ్ళో అందరికీ ఆయన బావగారైపోయాడు, ఆ లెక్కన నలభై మూడేళ్ళ మనిషి అందరికీ మరదలైపోయింది.

"మూడో స్థానం ఐదో లైను!" అని పెద్ద జడ్జి అట్ట మీద రాసేసుకున్నాడు. ఆయన బస్సు డిపోలో హెడ్ గుమాస్తా. మెడలో విజిలు, తల మీద టోపీ, తనకు తెలియనిది భూమ్మీద ఇంకా పుట్టలేదన్న ముఖం. ఐదో లైనులో పరిగెత్తిన అమ్మాయి ఆ డిపోలోనే టికెట్లు కొడుతుంది. ఇందులో ఎవరికీ ఏ వింతా కనబడినట్టు లేదు.

"కాదండీ. నేనే ముందొచ్చాను." నాలుగో లైను మనిషి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వగరుస్తూనే అంది. ఆమె బేకరీలో పిండి కలిపే మనిషి. "ఫోటో చూడండి."

అందరూ కెమెరా వైపు తిరిగారు. బావ గుడారంలోంచి నింపాదిగా లేచి వచ్చి, మరదలి చేతిలోంచి కెమెరా తీసుకుని ఫోటోలు ఒక్కొక్కటే తిప్పాడు. పద్దెనిమిదో దాంట్లో ఇద్దరు గీత దాటేశారు, మూడో నాలుగో మనుషులు ఇంకా నాలుగు అడుగుల దూరంలో ఉన్నారు. పంతొమ్మిదో దాంట్లో ఖాళీ గీత, ఆ పక్కన వెళ్ళిపోయిన వాళ్ళ వీపులు.

"మా మరదలి వేలు కాస్త నెమ్మది లెండి," అని బావ నవ్వాడు. "ఇంట్లో కూడా అంతే."

జడ్జీలు నవ్వారు. పరిగెత్తి అలిసిపోయి గడ్డి మీద పడున్న వాళ్ళు కూడా ఇద్దరు నవ్వారు. మరదలి చెవులు వేడెక్కాయి.

"కెమెరా ఆగిపోయింది బావా, నేను ఆపలేదు. ఫోటో లేకపోతేనేం, కెమెరా కన్నంలోంచి నా కళ్ళతో చూశాను. నాలుగో లైనే ముందు."

"తల ముందుకు పెడితే అయిపోదమ్మా," అన్నాడు పెద్ద జడ్జి, అక్షరాలు రాని వాళ్ళకి చెప్పినట్టు నిదానంగా. "ఛాతీ దాటాలి. తల లెక్క కాదు, చెయ్యి లెక్క కాదు, ఛాతీ లెక్క. అయినా మీ పని చూడ్డం కాదు, తియ్యడం. అదేదో చెయ్యండి ముందు."

ఛాతీ అట! తన డిపో అమ్మాయిని గెలిపించుకోవడానికి దొరికిన ముక్క అది, అనుకుంది మరదలు. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. విజిలు మెడలో వేసుకున్న మగవాళ్ళంటే ఆమెకు ముందు నుంచీ గిట్టదు.

బేకరీ మనిషి మాత్రం అరవలేదు, ఏడవలేదు. వెళ్ళి గీత మీద కూర్చుంది. తరవాతి పరుగు వాళ్ళు వచ్చి నిలబడ్డా లేవలేదు. "వచ్చే ఏడు నాకు ముప్పై దాటతాయి. మీరిక రానివ్వరు. తేల్చండి, లేస్తాను," అంది అంతే. అరగంట కూర్చుంది. ఆఖరికి కమిటీ వాళ్ళు గుసగుసలాడుకుని, ఆదివారం పొద్దున అదే పరుగు ఎనిమిది మందితో మళ్ళీ పెట్టిస్తామన్నారు. మూడో స్థానానికి ఒక జడ్జి కాదు, ముగ్గురు చూస్తారు, ఇద్దరు ఏమంటే అది. ఫోటో గనక ఉంటే ఆ ముగ్గురి మాట కూడా చెల్లదు, ఫోటో చెప్పిందే ఆఖరు.

"ఉంటే కదా," అన్నాడు పెద్ద జడ్జి.

గురువారం పొద్దున్నే మరదలు కెమెరా సంచీ భుజాన వేసుకుని స్టూడియో మెట్లు దిగుతుంటే బావ కేకేశాడు.

"ఎక్కడికి?"

"కార్డు కొనడానికి. మంచి వేగంగా ఎక్కించేది. ఇప్పుడున్నది ఎద్దులబండి."

"కార్డు మీద ఎనభై అని ఇంత లావున రాసి ఉంటే ఎద్దులబండి అంటావేమే? కందకు లేని దురద కత్తిపీటకెందుకు? పరిగెత్తే వాళ్ళు వాళ్ళు, రాసుకునే వాళ్ళు వాళ్ళు."

"నెమ్మది వేలు నాది కదా. నాకుంది దురద," అని ఆమె మెట్లు దిగిపోయింది.

కెమెరాల దుకాణంలో కార్డులు గోడ పొడుగునా కొక్కేలకు వేలాడుతున్నాయి. బంగారు రంగువి, ఎరుపువి, మెరుపులు గీసినవి, ఒకదాని మీద పరిగెత్తే చిరుతపులి బొమ్మ కూడా ఉంది. పేరు గొప్ప ఊరు దిబ్బ. కౌంటర్ వెనక నిలబడ్డాయన నున్నగా దువ్విన తలతో, ఆమెను కాకుండా ఆమె చెప్పుల్ని చూసి మాట్లాడాడు.

"ఇది వంద మేడమ్. ఇది నూట డెబ్భై. ఇది రెండు వందలు. ఎంత పెద్ద అంకైతే అంత వేగం." అంతకు మించి ఆయన దగ్గర విద్య లేదని ఆమెకు రెండు నిమిషాల్లో అర్థమైంది. మనసులో ఆయనకు అంకెలాయన అని పేరు పెట్టేసింది.

"ఈ పెద్ద అంకె కార్డులోంచి కంప్యూటర్‌లోకి లాగే వేగం కదండీ. కెమెరా కార్డులోకి ఎక్కించే వేగం ఎంత?"

అంకెలాయన మొదటిసారి ఆమె ముఖం చూశాడు. "రెండూ ఒకటే మేడమ్."

"ఒకటే అయితే ఈ మూల చీమ తలకాయంత అక్షరాల్లో ఇంగ్లీషు వీ రాసి పక్కన ఇంకో అంకె ఎందుకు వేశారు? ఆగకుండా ఎక్కిస్తే కనీసం ఎంత ఎక్కుతుందో చెప్పేది ఇది. ఇక్కడ ముప్పై అని ఉంది. మీ రెండు వందలు ఏమైనట్టు?"

"ఇంట్లో పిల్లల ఫోటోలకి ఇదే ఎక్కువ మేడమ్."

"నేను పిల్లల ఫోటోలని చెప్పానా?"

ఆయన చెప్పుల వైపు మళ్ళీ చూశాడు. ఆమె సంచీలోంచి కెమెరా తీసి కౌంటర్ మీద పెట్టింది. కొనేముందు ఇక్కడే పరీక్ష చేసుకుంటాను, ఏది నచ్చితే అది తీసుకుంటాను, అంది. దుకాణంలో ఇంకెవరూ లేరు గనక ఆయన పెద్ద మేలు చేస్తున్న వాడిలా ప్యాకెట్ చించాడు.

ఆమె పరీక్ష ఏ పుస్తకంలోనూ లేదు. కెమెరాను గోడకు తిప్పి, బటన్ నొక్కి పట్టి, చప్పుళ్ళను పెదాల మీద లెక్కపెడుతుంది, స్వెటర్ అల్లేవాళ్ళు కుట్లు లెక్కపెట్టుకున్నట్టు. టకటక కాస్తా టక్... టక్ అయిన చోట ఆ అంకెను గుర్తుపెట్టుకుని, వేలు తీసి, ఎర్ర దీపం ఆరేదాకా మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెడుతుంది. ఆ రెండు అంకెలు చాలు ఆమెకు. అట్ట మీద ఏం రాసుకుంటే ఎవడికి కావాలి?

మొదటి కార్డు పద్దెనిమిది దగ్గర ఆగింది. దీపం ఆరడానికి ఇరవై ఆరు. చిరుతపులి కార్డు పద్దెనిమిది, ఇరవై ఆరు. మూడోదాని కోసం అంకెలాయన నడుముకున్న తాళంచెవితో సొరుగు తెరవాల్సి వచ్చింది. వీ పక్కన తొంభై ఉన్నది అదొక్కటే, ఇలాంటివి సినిమాల వాళ్ళు కొంటారు మేడమ్, అంటూ ఇచ్చాడు. అదీ పద్దెనిమిదే. అదీ ఇరవై ఆరే.

"కార్డులదేం తప్పు లేదు. మీ కెమెరా ముసలిది," అన్నాడు అంకెలాయన, హాయిగా.

ఆడలేక మద్దెల ఓడు! "మీ కార్డు పరిగెత్తలేకపోతే నా కెమెరా ముసలిదా? అద్దంలో చూసుకుని మాట్లాడండి, ఎవరు ముసలో," అంది కానీ, ఆమె లోపల జంకింది. మూడు రకాల కార్డులు ఒకే చోట ఆగడం ఏమిటి?

కార్డు బయటికి తీస్తూ ఆయన కెమెరా పక్క మూత లోపలికి తొంగి చూశాడు. అక్కడ రెండు అరలున్నాయి. మొదటిది ఖాళీగా ఉంది. రెండోదాని మీద తెల్ల ప్లాస్టర్ అంటించి, దాని మీద బాల్‌పెన్నుతో సంతకం కూడా చేసి ఉంది. "ఇదేంటి, దెబ్బ తగిలిందా?"

"అది మా బావ కార్డు. తీసిన ప్రతి ఫోటో అందులో ఇంకో కాపీ పడుతుంది. ఎవరూ ముట్టుకోకుండా సంతకం పెట్టుకున్నాడు. మీరు దాని జోలికి పోకండి."

ఆరేళ్ళుగా చూసీ చూసీ ఆ ప్లాస్టర్ ఆమె కంటికి కెమెరాలో ఒక భాగమైపోయింది. ఆఖరికి సొరుగులోని కార్డునే తీసుకుంది. ఆదివారం లోపల పనిచెయ్యకపోతే తిరిగి తెస్తానని గట్టిగా చెప్పింది. తెచ్చుకోండి చూద్దాం, అన్నట్టు నవ్వాడు అంకెలాయన.

శుక్రవారమంతా బావ గెలిచినవాడి ముఖం పెట్టుకుని తిరిగాడు. "కొత్త కార్డు పెట్టినా పద్దెనిమిదేనా? అయితే తేలిపోయిందిగా, లోపం ఎక్కడుందో." వచ్చిన ప్రతివాడికీ ఈ ముక్క చెప్పాడు. పాస్‌పోర్టు ఫోటోలకు వచ్చిన ముసలాయనకు చెవుడని తెలిసి కూడా రెండుసార్లు చెప్పాడు.

ఆ రోజు ఏదో స్కూలు వాళ్ళవి నలభై మంది గుర్తింపు కార్డుల ఫోటోలున్నాయి. ఒక్కొక్కళ్ళవి ఎనిమిదేసి. మరదలు షీటును కత్తెర బల్ల మీద పెట్టి, పిడి దించి, తిప్పి, మళ్ళీ దించి, అంచులు గీసినట్టు కోసి బావ ముందుకు తోస్తోంది. బావ ప్రతి ఫోటో వెనకా స్టూడియో ముద్ర వేస్తాడు. ముద్ర పక్కన పొట్టి సంతకం చేస్తాడు. సంతకం ఆరేదాకా ఊదుతాడు. కవరులో పెట్టి, కవరు మీద మళ్ళీ ఒక సంతకం. బల్ల మీద అరచెయ్యంత చోటుంది. అది నిండిపోగానే ఆమె పిడి పట్టుకుని ఆగాల్సిందే.

"కానీ బావా."

"ఉండవే. నీలాగా గబగబా చేస్తే ఏదీ సరిగ్గా రాదు."

ఇదే మరి, అనుకుంది ఆమె. నేనెంత వేగంగా కోస్తే ఏం లాభం, ఈయన సంతకం అయ్యేదాకా... అక్కడ ఆమె చెయ్యి పిడి మీద ఆగిపోయింది. షీటు సగంలో ఉంది. లేచి కెమెరా మూత తీసి ఆ ప్లాస్టర్‌ను ఆరేళ్ళలో మొదటిసారి చూసినట్టు చూసింది. ప్రతి ఫోటో రెండు కార్డుల్లోనూ పడాలి. ఒకటి గుర్రమైనా, రెండోది పడేదాకా కెమెరా ఆగుతుంది. అంకెలాయన గోడకున్న కార్డులన్నీ తెచ్చి మొదటి అరలో పెట్టినా పద్దెనిమిదే!

"బావా, ఆదివారం ఒక్క పూట నీ కార్డు తీసేద్దాం. నెమ్మది దానిది."

"ముట్టుకుంటే ఊరుకోను," అన్నాడు బావ, తల ఎత్తకుండా. "ఒంటి కార్డుతో పనికెళ్ళడమంటే తాడు లేకుండా బావిలో దిగడం. ఆ కార్డు ఉండబట్టే ఆరేళ్ళుగా మన దగ్గర ఒక్క ఫోటో పోలేదు."

"బుధవారం పోయిందిగా."

"అది తియ్యలేదు. తియ్యనిది పోవడం ఏమిటే? తీసింది ఏదైనా పోయిందేమో చెప్పు."

మధ్యాహ్నం బావ భోజనానికి వెళ్ళగానే ఆమె గోటితో ప్లాస్టర్ అంచు లేపింది. కార్డు తీసి జాకెట్టులో పెట్టుకుంది. కొత్తది మొదటి అరలో ఉంది. కెమెరాను ఎదురుగా గోడకున్న గడియారానికి తిప్పి బటన్ నొక్కింది. పద్దెనిమిది. పంతొమ్మిది. ఇరవై. ఆమె పెదాలు లెక్క తప్పుతాయేమోనని ఊపిరి బిగబట్టింది. నలభై. అరవై. డెబ్భై రెండు దగ్గర ఎవరో తలుపు తోసుకుని లోపలికి వస్తే తనే వేలు తీసేసింది. ఎర్ర దీపం ఆరడానికి నాలుగు కూడా లెక్కపెట్టలేదు.

వచ్చింది అక్క. బావ మర్చిపోయిన కళ్ళజోడు కోసం వచ్చి, ఒంటరిగా నవ్వుకుంటున్న చెల్లెల్ని చూసి గుమ్మంలోనే నిలబడింది. "ఏమైందే నీకు?"

"మీ ఆయన సంగతి తెలిసిపోయింది అక్కా."

"పాతికేళ్ళుగా నాకు తెలీనిది నీకేం తెలిసిందే," అని అక్క కళ్ళజోడు తీసుకుని వెళ్ళిపోయింది. బావ తిరిగొచ్చేలోగా మరదలు కార్డునూ ప్లాస్టర్‌నూ ఎక్కడివక్కడ పెట్టేసింది.

శనివారం పొద్దున బేకరీకి వెళ్ళింది. వెనక గదిలో నాలుగో లైను మనిషి మోచేతుల దాకా పిండితో పెద్ద ముద్దను బల్లకేసి బాదుతోంది. ఎత్తడం, బాదడం, మడవడం, అరచేతి మడమతో ముందుకు తొయ్యడం. భుజాలు మగవాడి భుజాల్లా ఉన్నాయి. పని చేస్తున్నంత సేపూ మెడ ముందుకు చాచి, గడ్డం పైకెత్తి ఉంటుంది. రేపు సెలవిస్తామన్నారా అని మరదలు అడిగితే, పొద్దున రెండు గంటలే ఇచ్చారంది.

"అక్కా, రేపైనా పడుతుందా ఫోటో?"

"పడకపోతే నా పేరు మార్చుకుంటాను. దొంగ దొరికాడు. ఇంట్లోనే ఉన్నాడు." రెండో కార్డు కథంతా చెప్పింది. బావ సంతకాల దగ్గర బేకరీ మనిషి పగలబడి నవ్వింది. తరవాత నవ్వు ఆపి, చేతులు పిండిలోనే ఉంచి, అడిగింది.

"బుధవారం మీరు నిజంగానే చూశారా? నేనే ముందా? పరిగెత్తేటప్పుడు మనకి ఏం తెలుస్తుంది చెప్పండి, కళ్ళు మసకేస్తాయి."

"నా రెండు కళ్ళతో చూశాను. నువ్వే ముందు. ఆ విజిలాయన చూసేది పరుగు కాదు, డిపో. ఇరవై ఏళ్ళుగా చూడ్డమే పని నాకు. నా కన్ను తప్పదు."

బేకరీ మనిషి తలూపి ముద్దను మళ్ళీ ఎత్తింది. ఈసారి ఇంకా గట్టిగా బాదింది. మరదలు వేడి రొట్టె ఒకటి కొనుక్కుని, గర్వంగా దార్లోనే తినేసింది.

ఆదివారం ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. బావ గుడారం కింద కుర్చీలో, పెద్ద జడ్జి పక్కన, ఆయనకు చల్లగా తాగడానికేదో అందిస్తూ కూర్చున్నాడు. మరదలు స్టాండు కాళ్ళు సరిచేసి, ఏదో పనున్నట్టు కెమెరా తీసుకుని సామాన్ల గది వెనక్కి వెళ్ళి మూత తీసింది. ప్లాస్టర్ పీకి ఉండచుట్టి పారేసింది. బావ కార్డు కొంగున ముడేసుకుని, తిరిగొచ్చి కెమెరాను గీతకు సూటిగా బిగించింది. కొత్త కార్డుకు ఏమైనా అయితే ఇక ఎక్కడా ఏమీ ఉండదు. ఆ సంగతి తెలిసే తీసింది. చేతులు ఒట్టి కోపంతో పనిచేశాయి.

తుపాకీ పేలింది. ఎనిమిది మందీ మలుపు తిరిగేదాకా ఆమె కన్నంలో కన్ను పెట్టలేదు. చివరి వంద మీటర్లలో మొదటి ఇద్దరూ విడిపోయారు, వాళ్ళ సంగతి ఎవరికీ అక్కర్లేదు. వాళ్ళ వెనక నాలుగూ ఐదూ లైన్లు పక్కపక్కనే వస్తున్నాయి, రొప్పు ఇక్కడికి వినబడుతోంది. మొదటి మనిషి గీతకు మూడు అడుగుల్లో ఉండగా మరదలు నొక్కింది. టకటకటక. పద్దెనిమిది తెలియకుండానే దాటింది. ముప్పై. ఆ ఇద్దరూ గీత మీద పడ్డారు. నాలుగో లైను ముందు! అదిగో ముందు! నలభై, యాభై, చివరి మనిషి కాళ్ళీడ్చుకుంటూ వచ్చి దాటేదాకా వేలు తియ్యలేదు. యాభై ఎనిమిది. దీపం రెప్పపాటులో ఆరిపోయింది.

"నాలుగో లైను," అన్నాడు ఒక జడ్జి. "నాకూ నాలుగే," అన్నాడు రెండో ఆయన. పెద్ద జడ్జి ఒక్కడే ఐదన్నాడు. ఇద్దరి మాటే మాట. బేకరీ మనిషి గడ్డిలో వెల్లకిలా పడి, రెండు చేతులూ ముఖం మీద వేసుకుని నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా ఊగిపోతోంది. పెద్ద జడ్జి అట్ట చంకలో పెట్టుకుని గీత దగ్గరికి నడిచి వస్తున్నాడు.

"ఫోటో ఉందా, మళ్ళీ వేలు నెమ్మదించిందా?"

"ఉంది," అంది మరదలు. రావయ్యా రా, అనుకుంది. నీ ముక్కు మీద పెడతాను ఫోటో. ఆయన రెండు చేతుల దూరంలో ఉండగానే ఆమె ముప్పయ్యోది తెరిచింది. ముప్పై ఒకటి. ముప్పై రెండు. పెద్దది చేసి చూసింది.

బేకరీ మనిషి తల గీత దాటి ఉంది. మెడ ముందుకు సాగి, గడ్డం పైకెత్తి, జానెడు ముందుంది. ఆ తల వెనక, ఆ చాచిన మెడ వెనక, ఆమె ఛాతీ ఇంకా గీతకు ఇవతలే ఉంది. పక్కన డిపో అమ్మాయి తల వెనక్కి వాల్చి, రొమ్ము విరుచుకుని, గీత మీద ఉంది. నాలుగు వేళ్ళ తేడా. తేడా లేదని బుకాయించడానికి వీల్లేనంత స్పష్టంగా ఉంది, దారంలా గీత, రెండు చొక్కాల మీద రెండు అంకెలు.

మరదలు ఇంకోసారి పెద్దది చేసి చూసింది. ఇందాక తన కన్ను చూసిందేమిటి? ఇప్పుడీ చూపించేదేమిటి? వేలి పక్కనే చెత్తబుట్ట బొమ్మ ఉన్న బటన్ ఉంది. ఈ ఒక్కటి, దాని ముందుదీ వెనకదీ, మూడు నొక్కులు. ఇంకో కాపీ ఎక్కడా లేదు, తనే చేతులారా పీకేసింది. మళ్ళీ ఆగిపోయిందండీ అంటే చాలు, ఇద్దరు జడ్జీల మాట నిలబడుతుంది, బేకరీ మనిషి పెద్ద పోటీకి వెళ్తుంది. పోయేదల్లా తన వేలి పరువు. అది ఎలాగూ పోయిందే. బొటనవేలు ఆ బొమ్మ మీదికి వెళ్ళి ఆగింది కూడా.

ఈ నాలుగు రోజులూ ఎంతమందిని తిట్టుకుందని! అంకెలు తప్ప ఏమీ తెలియని వాణ్ణి, తీసింది పోలేదుగా అన్న వాణ్ణి, రుజువు లేకుండా ఐదని రాసేసుకున్న వాణ్ణి. ఇప్పుడు రుజువు చేతిలో పెట్టుకుని చెరిపేస్తే, వాళ్ళ కుర్చీ పక్కన తనకూ ఒక కుర్చీ వేయించుకోవాల్సిందే. అంత మాట తనను తను అనుకోవలసి వచ్చినందుకు ఆమెకు ఒళ్ళు మండింది. ఆ మంటలోనే కెమెరాను స్టాండు మీంచి ఊడదీసి పెద్ద జడ్జి చేతిలో పెట్టింది.

ఆయన టోపీ వెనక్కి తోసుకుని చాలాసేపు చూశాడు. మిగతా ఇద్దరికీ చూపించాడు. వాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టి, ఔనండీ ఛాతీ కదా, అన్నారు. ఎగతాళి చేస్తాడనుకుంది. చెయ్యలేదు. "ఫోటో బావుందమ్మా," అని మాత్రం అన్నాడు. అది ఇంకా ఘోరంగా ఉంది.

బావ అప్పటికే వచ్చి ఆయన భుజం మీంచి చూస్తున్నాడు. "నేను ముందే అన్నాను. మంచి కార్డు పెట్టిస్తే ఎందుకు రాదు? ఇప్పుడు చూడండి, వేలు ఎలా దార్లోకి వచ్చిందో."

"వేలు అదే బావా," అంది మరదలు. "నీ కార్డు పీకేశాను." కొంగు ముడి విప్పి దాన్ని ఆయన చొక్కా జేబులో వేసింది. బావ మూత తెరిచి ఖాళీ అరను చూసి, పెద్దమనుషుల ముందు అరవలేక, నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. వేరే ఏ రోజైనా అయితే ఆ ముఖం చూసిన సంతోషంతో ఆమెకు వారం రోజులు ఆకలి వేసేది కాదు.

బేకరీ మనిషి లేచి వచ్చింది. ఒంటికి గడ్డి అంటుకుని ఉంది. ఎవరూ చెప్పకుండానే కెమెరా అడిగి తీసుకుని చూసింది. తన తలనీ తన ఛాతీనీ వేలు పెట్టి చూసుకుంది. రొట్టెలు కాలాయో లేదో చూసే మనిషిలా, తొందర లేకుండా చూసింది.

"నేనిలా పరిగెడతానా?" అంది. "ఈ మెడ ఏమిటి, కొంగలాగా. ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదు."

మరదలికి క్షమించు అనాలని ఉంది. దేనికని అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు.

"అక్కా, బుధవారం కూడా ఇలాగేనా?"

బుధవారం నుంచి మరదలు ఎంతమందికి చెప్పిందో ఆమెకే లెక్క లేదు. అంకెలాయనకు తప్ప అందరికీ చెప్పింది. నా కళ్ళతో చూశాను, నువ్వే ముందు. ఆ మాట ఇప్పుడు కూడా నాలుక చివర తయారుగా ఉంది. అంటే ఈ మనిషి కొంచెం తేలికపడి ఇంటికి వెళ్తుంది. ఈసారి చెరపడానికి ఫోటో కూడా లేదు.

"తెలీదమ్మా," అంది. "నేను చూసింది నీ తలనేమో. నిజంగా తెలీదు."

బేకరీ మనిషి కెమెరా తిరిగి ఇచ్చేసింది. వంగి బూటు లేసు విప్పి, ఎండలోకి ఒకసారి చూసి, మళ్ళీ కట్టుకుంది.

"తెలీదా? అయితే బుధవారం నాదే," అంది. "అది నా దగ్గర ఉండనీ."

రెండు గంటల సెలవు అయిపోవచ్చింది. గేటు వైపు గబగబా నడిచింది.